పదిహేనో మొక్క

పళ్లెం మూత కూడా తీయకుండా తిరిగొచ్చింది.

ప్రవీణ దాన్ని వంటింటి గట్టు మీద పెట్టి మూత ఎత్తి చూసింది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ముక్కలు అడుగుకు దిగిపోయాయి. అత్తకు ఇష్టమని వేయించిన చల్లమిరపకాయ మెత్తబడింది.

మూడో రోజు.

"తిన్నదా?" వరండాలోంచి రాకేష్ అడిగాడు. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.

"లేదు."

"నీళ్లన్న తాగిందా?"

"చెంబు ఖాళీ అయింది."

"ఇగ నయం."

"తాగలే. దానికి పోసింది."

రాకేష్ ఫోను పెట్టేసి లోపలికి వచ్చాడు. మూడు రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ దాని పేరెత్తడం లేదు. అది, దానికి, దాని జోలికి. అంతే. పేరు పెట్టి పిలిస్తే వచ్చి గుమ్మంలో నిలబడుతుందేమో అన్నట్టు.

"నాలుగింటికి మున్సిపాలిటీ నుంచి మేడమ్ ఒస్తది. కొత్తామె. ఆమె ఒచ్చేసరికి అమ్మ అక్కడ ఉండొద్దు. అదీ ఉండొద్దు."

"నాకెందుకు చెప్తున్రు? మీ అమ్మకు చెప్పున్రి."

"నేను దగ్గరికి పోతే చెప్పు తీస్తున్నది."

"తీస్తే తీసింది. కన్నతల్లి చెప్పే గదా."

అతను నవ్వలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి అవతలికి చూశాడు. ప్రవీణ చూడలేదు. చూడకుండానే ఆమెకు తెలుసు అక్కడేముందో.

పెళ్లయి వచ్చినప్పటి నుంచి పదమూడేళ్లు ఆమె ఈ వంటింట్లో పగలు కూడా లైటు వేసుకునే వంట చేసింది. కిటికీకి ఎదురుగా నేరేడు చెట్టు ఉండేది. రెండేళ్ల కిందట అది పోయింది. ఇప్పుడు గట్టు మీదికంతా వెలుగు వచ్చి పడుతోంది, పోపుల డబ్బాలో ఆవాలు లెక్కపెట్టొచ్చు. అయినా పొద్దున వంటింట్లోకి రాగానే ఆమె చెయ్యి స్విచ్చు మీదికే పోతుంది. వేశాక గుర్తొస్తుంది. ఆర్పడానికి చెయ్యి రాదు.

నడుమెత్తు గోడకు అవతల, చెట్టున్న స్థలంలో, 'జనార్ధన్ గ్రీన్ హోమ్స్' ఐదంతస్తులు లేచింది. గోడకూ బిల్డింగుకూ మధ్య మీటరు వెడల్పున మట్టి పట్టీ ఒకటి వదిలారు. ప్లానులో దానికి ఆకుపచ్చ రంగు వేసి ఉంది. అక్కడ కాంక్రీటు వేయకూడదు, టైల్సు పరచకూడదు, పద్నాలుగు మొక్కలు నాటి బతికించాలి. దాన్ని కూడా పార్కింగులో కలపాలని రాకేష్ మొదట్లో చాలా ప్రయత్నించాడు. ప్లాను పాసు కాలేదు.

చెట్టు కొట్టిన రోజు, మొద్దును పెకిలిస్తే ఈ వంటింటి గోడ బీటలిస్తుందని జేసీబీ అతను అన్నాడు. సరేనని మొద్దును అలాగే వదిలి మీద జానెడు మట్టి పోయించాడు రాకేష్. అది ఆ మట్టి పట్టీలోకే వచ్చింది. నాలుగు వందల గజాల్లో కాంక్రీటు పడని చోటు ఆ పట్టీ ఒక్కటే.

మూడు రోజుల కిందట ఆ మొద్దు నుంచే లేచింది ఒక చిగురు, జానెడు ఎత్తున.

"ఆ చిగురు కింద మేడమ్ కాలితోని గెలికినా మొద్దు తేలుతది," అన్నాడు రాకేష్, కిటికీ వైపే చూస్తూ. "సైట్ల చెట్లు లేవని రాసిచ్చినం. మొద్దు తేలితే దరఖాస్తంతా అబద్ధమంటది. ఇండ్లల్లకు దిగే సర్టిఫికెట్ ఆగుతది. పది ఇండ్లోళ్లు సామాను కట్టుకొని కూసున్నరు. వాళ్లు ఒచ్చి నా గల్లా పట్టుకుంటరు, పట్టుకోనీ. కాని కాగితం మీద పేరు నీది. కేసైతే నీ మీదైతది. గది నా భయం."

"సంతకం పెట్టించుకున్ననాడు లేకుండెనా ఆ భయం?"

రాకేష్ కిటికీ వదిలి వచ్చాడు. గట్టు మీది పళ్లెం కేసి చూసి, మూత తీసి, మళ్లీ పెట్టాడు.

"మజ్జిగన్న తాగిపియ్యి," అన్నాడు.

*

ఇంద్రమ్మ మట్టి పట్టీలో పాత చీర పరుచుకుని కూర్చుంది. అది కూర్చోవడానికి పరిచే చీర కాదు. నేరేడు పండ్లు దులిపే రోజు చెట్టు కింద పరిచేవాళ్లు. ఎన్నిసార్లు ఉతికినా ఊదా మరకలు పోలేదు. చీర మధ్యలో చిన్న చింపు చేసింది ఆమె. ఆ చింపులోంచి చిగురు పైకి నిలబడి ఉంది. లేత ఆకులు రాగిరంగులో, తడిగా, పుట్టిన పిల్ల చెవుల్లా ఉన్నాయి.

దానికి రెండు వైపులా రాకేష్ కిరాయికి తెప్పించిన మొక్కలు వరసగా ఉన్నాయి. వేప, కానుగ, బాదం. ఆకులు తుడిచినట్టు మెరుస్తున్నాయి.

"అత్తమ్మా, జర మజ్జిగ తాగు."

"మీ మామకిచ్చినవా?"

ప్రవీణ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"గట్ల చూడకు పిల్లా. నాకేం మతి పోలే," అంది ఇంద్రమ్మ. "సచ్చిపోయినాయన మజ్జిగ తాగడని నాకు తెలుసు. నోటికొచ్చింది, అన్న."

ప్రవీణ గ్లాసును గోడ మీద పెట్టి పక్కన గొంతుక్కూర్చుంది. పట్టీని ఆనుకుని ఉన్న పార్కింగు కొత్త టైల్సు మీద ఊదా చుక్కలున్నాయి. పొద్దునే కడిగినా పోలేదు. రోజూ కడుగుతుంది. నేరేడు పండ్ల కాలం రాగానే పొద్దుగూకే వేళకు గబ్బిలాలు వస్తాయి. ఎక్కడో తిని వచ్చి, చెట్టు లేని ఈ చోటనే, కొమ్మలుండే ఎత్తులో, గుండ్రంగా తిరుగుతాయి. నిరుడూ వచ్చాయి. ఈ యేడూ వచ్చాయి.

"ఆ ఎండకాలం, మంచం ఏడ ఏసిండు మీ మామ?" అని అడిగింది ఇంద్రమ్మ.

"ఎందుకత్తమ్మా ఇప్పుడది."

"చెప్పు."

"ఈడ్నే."

"చెట్టు కొట్టి ఎన్ని దినాలకు?"

"నెల."

"నువ్వేమన్నవ్?"

"ఎండల ఏసినవ్, లోపలికి రా మామా అన్న."

"ఆయనేమన్నడు?"

ప్రవీణ టైల్సు మీది చుక్కను వేలితో రుద్దింది. అది పోలేదు.

"నీడ మంచిగున్నది బిడ్డా, ఉండనియ్యి అన్నడు."

ఆ సాయంత్రం మంచం మీది నుంచి లేపితే ఆయన ఒళ్లు పెనంలా ఉంది. దవాఖానలో ఎండదెబ్బ అని రాశారు. కళ్లు మూసే ముందు కూడా దుప్పటి కావాలని అడిగాడు. సల్లగుంది, చెట్టు కింద సల్లగుంది అని.

"నా కొడుకు ఆ చెట్టును ఉత్తగ కొట్టలే," అంది ఇంద్రమ్మ, గొంతు ఏమాత్రం ఎత్తకుండా. "కొడితే మనిషి తిట్టుకొని మర్చిపోతడు. మందు పెట్టి సంపిండు. నెల రోజులు ఆకు రాలుతుంటే ఏం రోగమో ఏమోనని మీ మామ దానికి పసుపునీళ్లు పోసిండు. కొడుకు చూస్కుంట తిరిగిండు." ఆమె చిగురు చుట్టూ మట్టిని సర్దింది. "దీని జోలికి రానని వాని నోటితోని చెప్పమను. అప్పుడు తింట."

"అత్తమ్మా, సర్టిఫికెట్ రాకుంటే..."

"నీకు జైలైతదని చెప్పిండా?"

ప్రవీణ మళ్లీ ఆ చుక్కను రుద్దింది.

"మీ మామ ఈ ప్లాటు నీ పేర్న ఎందుకు రాసిండో యాదున్నదా?"

ఉంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల మీద మామ జనార్ధన్ చెప్పిన మాట ఆమెకు అక్షరం తప్పకుండా గుర్తుంది. నా కొడుకు చేతిల పెడితే ఆర్నెల్లల్ల పిల్లర్లు లేపుతడు. నీ పేర్న ఉంటే ఆ చెట్టన్న మిగుల్తది బిడ్డా.

గోడ మీది మజ్జిగలో చీమ పడింది. ప్రవీణ గ్లాసు తీసుకుని లేచింది.

*

రెండింటికి మట్టయ్య ఆటోట్రాలీ గేటు ముందు ఆగింది.

మట్టయ్యది నల్గొండ వైపు ఊరు. తుర్కయంజాల్ దగ్గర నర్సరీలో పని. కొత్త బిల్డింగులకు తనిఖీ ఉన్నప్పుడల్లా మొక్కలు తెచ్చి పెట్టేది, తనిఖీ అయ్యాక తీసుకుపోయేది అతనే. మొక్కల్ని నల్ల కవర్లతో సహా మెడదాకా పాతుతాడు, పైన మట్టి చదును చేస్తాడు. ఫోటోలో చూస్తే పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు ఉంటాయి. ఇదే వేప, ఇదే కానుగ కిందటి నెల సరూర్‌నగర్‌లో ఇంకొకరి గోడ పక్కన నిలబడి వచ్చాయి. ఎల్లుండి మరో చోటికి పోవాలి.

"మట్టయ్యా, చెప్పిన గదా. తియ్యి దాన్ని," అన్నాడు రాకేష్.

మట్టయ్య చిగురును చూశాడు. ఇంద్రమ్మను చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"నాతోని కాదు సార్."

"కాదేంది? ఒక్క గుంజు గుంజితే ఒస్తది."

"ఒస్తది. కాని నాతోని కాదు."

"నాడు బర్మాతోని తొర్రలు కొట్టి మందు పోసిన చెయ్యి కాదా ఇది? నాడెట్లయింది?"

"గందుకే కాదంటున్న." మట్టయ్య గొంతు తగ్గింది. "ఎనిమిది తొర్రలు కొట్టిన సార్. సీసాకు సీసా పోసిన. అట్ల పోసినంక ఇగ లేసుడుండదు. ముప్పై ఏండ్లయింది నేను ఈ పనిల. నేను చూడలే అసొంటిది."

"మందు కల్తీదైతది. దానికింత కథెందుకు?"

"అది కాదు సార్. రెండేండ్లు మట్టి కింద ఉత్తగనే ఉన్నది. దానికి నీళ్లు పోసిందెవరు? నేనే గదా. మొక్కలు వాడొద్దు, మేడమ్‌కు పచ్చగ కనవడాలె అన్నరు మీరు. పదిహేను దినాలు పొద్దుమాపు పైపు పెట్టిన. ఈ కిరాయి మొక్కలకు పోస్తున్న అనుకున్న." అతను తువ్వాలును చేతికి చుట్టుకున్నాడు, మళ్లీ విప్పాడు. "సంపినోడే పిలిచిండన్నట్టయింది."

రింగురోడ్డు వైపు నుంచి లారీ హారన్ ఒకటి పొడుగ్గా వినిపించి ఆగింది.

రాకేష్ చొక్కా చేతులు మడిచాడు. రెండడుగులు ముందుకు వేసి వంగాడు. ఇంద్రమ్మ లేవలేదు, అరవలేదు, చెప్పు తీయలేదు. చిగురు మీద గొడుగులా చెయ్యి బోర్లించి పెట్టింది. ఎముకలు తేలిన చెయ్యి.

"పీకు బిడ్డా," అంది. "చెయ్యి తియ్యనుగని, చెయ్యితోని కలిపి పీకు."

రాకేష్ వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. అతని చెంపల మీద చెమట కారి గడ్డం దగ్గర ఆగింది.

"ఇంద్రమ్మక్కా! ఏంది ఎండల కూసున్నవ్?"

గేటులోంచి అరుణమ్మ వచ్చింది. రెండో అంతస్తులో ఫ్లాటు తీసుకున్నది ఆమె కుటుంబమే. చేతిలో గుడ్డ కట్టిన టిఫిను ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయింట్లో ఉంటారు. ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పేసి, అటు పోలేక ఇటు రాలేక రోజుకోసారి వచ్చి గోడలు చూసి పోతోంది.

"అన్నం తింటలేవంట గదా అక్కా. జొన్నరొట్టెలు తెచ్చిన. పానం బాగలేదా?" అంటూనే ఆమె చిగురును చూసింది. "అరె, గిది నేరేడు గదా!"

మూడు రోజుల తర్వాత ఆ పేరు ఆ ఆవరణలో మొదటిసారి వినిపించింది. రాకేష్ నడుము నిటారుగా చేసుకున్నాడు.

"మంచి పని చేసిన్రు. మా ఆయనకు షుగరు. గింజలు దంచి పెట్టొచ్చు. మీ బ్రోచర్ల చెట్ల బొమ్మలు చూసే మా కోడలు ఈ ఫ్లాటు కావాలన్నది, బొమ్మలు ఎవడన్న వేస్తడు అని నేనన్న. కాదు, మీరు నిజంగనే పెడుతున్రు." ఆమె రాకేష్ వైపు తిరిగింది. "సర్టిఫికెట్ ఇయ్యాల ఒస్తదంట గదా బాబూ? శ్రావణంల మొదటి శుక్రవారం పాలు పొంగిచ్చుకుంటం. ఇగ మమ్ముల పరేషాన్ చెయ్యకు."

"ఒస్తది అమ్మా," అన్నాడు రాకేష్. మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకుంటూ ఇంకోసారి అన్నాడు. "ఒస్తది."

అరుణమ్మ టిఫిను విప్పి రొట్టె తుంచి ఇంద్రమ్మ నోటి దగ్గర పెట్టింది. ఇంద్రమ్మ తల పక్కకు తిప్పుకుంది. అరుణమ్మ చెయ్యి కాసేపు గాలిలో అలాగే ఉండిపోయింది. ఏదో ఉందని ఆమెకు అప్పుడు అర్థమైనట్టుంది. రొట్టెల మీద గుడ్డ కప్పి, గోడ పక్కన నిలబడ్డ ప్రవీణ చేతికిచ్చి, మరేమీ అడగకుండా వెళ్లిపోయింది.

*

నాలుగు దాటింది. ఆరైంది. మేడమ్ ఇంకో సైటులో ఉందని, వస్తుందని ఫోను వచ్చింది.

వంటింట్లో ప్రవీణ ఎసట్లో బియ్యం పోసింది. ఎవరి కోసమో ఆమెకే తెలియదు. రాకేష్ తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఖాళీ రంగుడబ్బా ఒకటున్నది," అన్నాడు. "దాని మీద బోర్లిద్దాం. అమ్మను దాని మీద కూసోమందాం. ముసలామె, కూసున్నది అంటే మేడమ్ ఏమంటది?"

"మీ అమ్మ కూసుంటదా?"

రాకేష్ తలుపు చెక్క మీది దుమ్మును వేలితో గీశాడు. తరువాత మెల్లగా, తనలో తను మాట్లాడుకున్నట్టు అన్నాడు:

"గబ్బిలాలు ఒచ్చినప్పుడు నేను పైకి పోతలేను తెలుసా. టెర్రస్ మీదికి. నిరుడు ఒకనాడు పోయిన. చెవి పక్కకెల్లి పోయినయ్. కొమ్మల్లకెల్లి పోయినట్టే పోతున్నయ్ అవి, ఒంగుకుంట, తప్పిచ్చుకుంట. ఏం లేదు ఆడ. అయినా తప్పిచ్చుకుంట పోతున్నయ్."

ప్రవీణ గరిటె పక్కన పెట్టింది. పదిహేనేళ్ల కాపురంలో భర్త భయపడటం ఆమె చూసింది తక్కువ.

"ఒకటి చెప్పనా," అన్నాడు రాకేష్. "ఏమన్న అయితే, చదవకుంట సంతకం పెట్టిన అని చెప్పు. నిజమే గదా. రొట్టెలు చేస్తుంటే నేనే తెచ్చి పెట్టిచ్చిన. నీ చేతికి పిండి ఉండె. కాగితం మీద కూడ అంటింది. నువ్వేం చూడలే. నీ తప్పేం లేదు."

ప్రవీణ అన్నం కేసి చూసింది. మెతుకు ఒకటి తీసి నొక్కి చూసింది.

ఆమె పాల ప్యాకెట్ మీద తేదీ చదవకుండా కత్తిరించదు. బీకాం చదివిన నాటి అలవాటు, మందు చీటీ వెనక వైపు కూడా చదువుతుంది. ఆ రోజు పిండి చేత్తో కలం పట్టుకున్నప్పుడు, స్థలంలో చెట్లు ఏవీ లేవని ధ్రువీకరిస్తున్నాను అన్న వాక్యం నాలుగో వరసలో ఉంది. కిటికీలోంచి చెట్టు కనిపిస్తోంది. సగం ఆకు రాలి ఉంది. దాని కింద మామ పసుపునీళ్ల చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆమె వాక్యం మొత్తం చదివింది. ఎట్లాగూ ఎండిపోతోంది కదా అనుకుంది. పొయ్యి మీద రొట్టె మాడుతోంది. సంతకం పెట్టింది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. భర్తకు చెప్పలేదు. దవాఖానలో దుప్పటి అడిగిన మనిషికి చెప్పలేదు.

"ఏమంటవ్?" అన్నాడు రాకేష్.

"అన్నం అయింది," అంది ప్రవీణ.

బయట స్కూటీ ఆగిన చప్పుడైంది.

*

కొత్త మేడమ్ పేరు అమల. ముప్పై దాటి ఉండవు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు, చెప్పులకు పొద్దుటి నుంచి తిరిగిన సైట్ల మట్టి. మాట కోస్తా మాట.

"ఆలస్యమైందండీ, ఏమీ అనుకోకండి. వెలుతురు పోకముందే చూసేద్దాం. ఓనరు ప్రవీణ గారంటే..."

"నేనే."

"గ్రీన్ స్ట్రిప్ ఎటు?"

రాకేష్ ముందు నడిచాడు. పొద్దు దిగిపోయి గోడ నీడ మట్టి పట్టీ మీదికి వచ్చింది. ఇంద్రమ్మ ఉన్న చోటనే ఉంది. మట్టయ్య ట్రాలీ పక్కన నిలబడి అటు రాలేదు.

"పద్నాలుగు మేడమ్. ఫోటోలు పెట్టినం," అన్నాడు రాకేష్. "మా అమ్మ. మొక్కలంటే పానం."

అమల నమస్కారం పెట్టింది. ఇంద్రమ్మ తలూపింది. అమల ట్యాబు చంకలో పెట్టుకుని మొదటి మొక్క దగ్గర వంగింది. ఫోటో తీస్తుందని అందరూ అనుకున్నారు.

ఆమె కానుగ మొదలు పట్టుకుని పైకి లాగింది.

అది లేచి వచ్చింది. నల్ల కవరుతో సహా, దుంపలా.

అమల దాన్ని మళ్లీ గుంటలో పెట్టి చేతులు దులుపుకుంది. రెండో మొక్క లాగింది. అదీ వచ్చింది. మూడోది. నాలుగోది. పద్నాలుగో మొక్క దాకా ఆమెది అదే పని, లాగడం, చూడటం, పెట్టడం, ఒక్కో అడుగు ముందుకు వేయడం. కవర్లు మట్టిలోంచి వచ్చే చప్పుడొక్కటే వినిపించింది.

తర్వాత వెనక్కి వచ్చి ఇంద్రమ్మ చీర దగ్గర ఆగింది.

"ఇక్కడ ఒకటి ఎక్కువుంది కదండీ. పదిహేను."

"అది ఉత్త గడ్డి మొలక మేడమ్, తీపిచ్చేస్త..." అన్నాడు రాకేష్.

"పెద్దమ్మగారూ, ఒక్కసారి చెయ్యి తీస్తారా?"

ఇంద్రమ్మ ఆమెను చూడలేదు. కోడలిని చూసింది. ప్రవీణ తల కదిలించింది, ఉందా లేదా అన్నంత. ఇంద్రమ్మ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

అమల రెండు వేళ్లతో చిగురు మొదలు పట్టుకుని మెల్లగా లాగింది. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగింది. కింద ఎవరో పట్టుకున్నట్టు అది అలాగే ఉంది.

"ఇదొక్కటే నేలలో ఉంది," అంది అమల. "ఇదెవరు నాటారండీ?"

"మేమే మేడమ్..." అన్నాడు రాకేష్.

"మా మామ," అంది ప్రవీణ.

రాకేష్ ఆమె వైపు తిరిగాడు.

"ఆయన్నొకసారి పిలుస్తారా?"

"ఆయన పోయి రెండేండ్లయింది."

అమల చిగురును చూసింది. నెల కూడా నిండని ఆకు అది. అప్పుడే తల మీదుగా ఏదో కదిలినట్టయి ఆమె పైకి చూసింది. గబ్బిలాలు వచ్చాయి. మొదట రెండు, వెనక ఇంకా. గోడకూ బిల్డింగుకూ మధ్య ఖాళీ ఆకాశంలో, లేని కొమ్మల్ని తప్పించుకుంటూ, గుండ్రంగా తిరగసాగాయి. అమల కళ్లు వాటి వెంట తిరిగి, టైల్సు మీది ఊదా చుక్కల మీదికి దిగి, ప్రవీణ ముఖం మీద ఆగాయి.

ప్రవీణ మోకాళ్ల మీద కూర్చుంది. చీర చింపును పక్కకు జరిపి, రెండు చేతులతో మట్టి తీయడం మొదలుపెట్టింది. రొట్టెల పిండి తీసినట్టు, ఒడుపుగా, అంచుల నుంచి మధ్యకు. జానెడు లోతుకు నల్లటి బెరడు తగిలింది. ఇంకా తీసింది. మొద్దు అంచున వేలు దూరేంత తొర్ర ఒకటి కనిపించింది. పక్కన ఇంకొకటి. రెండు తొర్రల మధ్యనుంచి చిగురు లేచి ఉంది.

ట్రాలీ దగ్గర మట్టయ్య కింద కూర్చుండిపోయాడు.

"స్థలంలో చెట్లు లేవని డిక్లరేషన్ ఇచ్చింది మీరేనా?" అంది అమల. ఆమె గొంతులో కోపం లేదు. అదే ప్రవీణకు కష్టంగా అనిపించింది.

"ఆమెకు తెల్వదు మేడమ్!" రాకేష్ ముందుకొచ్చాడు. "ఆమె చదవలే. నేనే పెట్టిచ్చిన. రొట్టెలు చేస్తుంటే పెట్టిచ్చిన. రాసుకోండ్రి, నా పేరు రాసుకోండ్రి. ఆమెకు సంబంధం లేదు."

తండ్రి పోయిన రోజు కూడా అతను అంత గట్టిగా అరవలేదు.

"ఏమండీ, చదవకుండానే సంతకం చేశారా?" అమల ప్రవీణనే అడిగింది.

ప్రవీణ తన చేతులు చూసుకుంది. గోళ్ల సందుల్లో మట్టి. రెండేళ్ల కిందట ఇవే వేళ్లకు పిండి ఉంది.

"చదివిన," అంది. "మొత్తం చదివిన. కిటికీలకెల్లి చెట్టును చూసుకుంటనే పెట్టిన."

రాకేష్ గోడ పట్టుకున్నాడు. ఇంద్రమ్మ కోడలి ముఖంలోకి చూసింది, చాలాసేపు. ఆ చూపులో ఏముందో ప్రవీణ తల ఎత్తి చూడలేకపోయింది.

అమల ట్యాబు తెరిచింది. చీకటి పడుతున్న పట్టీలో దాని వెలుగు ఆమె గడ్డం మీద పడింది. వేలు తెర మీద ఆగి ఉంది. ఏం రాయాలో ఇంకా తేల్చుకోనట్టుంది.

పైన గబ్బిలాలు తిరుగుతూనే ఉన్నాయి.

"ప్రవీణా," అంది ఇంద్రమ్మ.

మూడు రోజుల పస్తుకు ఎండిన గొంతు. ప్రవీణ కళ్లెత్తింది.

"ఆకలైతుంది. ఇంత బువ్వ తే." కొంచెం ఆగి అంది, "నువ్వూ తెచ్చుకో. ఈడ్నే తిందాం."